అతుకు నోటు

గుణుపురం సంతరోజు
చిరిగిన పది నోటొకటి నా గల్లాలో పడింది.
టేపు అతికిస్తూ, బేరాల్లేక,
వెనకవైపు భాషల వరసలు లెక్కపెట్టాను.
ఒడియాకీ మన తెలుగుకీ మధ్య
మూడు గీతల దూరమట!
ఇక్కడ ఉల్లిపాయలు ఒడియాలో అడిగి
చిల్లర తెలుగులో ఎంచుకుంటారు,
తిట్టుకోడానికి రెండూ చాలవు.

ఇందారి అల్లం గంప దించింది.
అతుకు కనపడకుండా మడిచి
ఆ నోటే ఇచ్చాను.
విప్పింది.
సవరలో ఏదో గొణిగింది.
ఆ మాటకి నోటుమీద వరస లేదు.
కోణార్క చక్రమ్మీద బొటనవేలు పెట్టి
"బండిదా?" అంది.
"గుడిది."
"అయితే తిరగదా?"

చక్రానికి తడిమట్టి అంటింది.
"ఇంకోటియ్యి" అంది,
నాకు బాగా తెలిసిన తెలుగులో.