ఒక్క దిక్కుకు ఎంత?

మిషను పిల్లగాడు గడపల నిలవడి
రేటు చెప్తుండు:
సింగిల్‌కు ఏడు వందలు,
డబుల్‌కు పన్నెండు వందలు,
మరకలుంటే మీద మూడు వందలు,
మూడో అంతస్తయితే మెట్లకు యాభై.
మాది కింది క్వార్టరే.
మెట్ల పైసలు మిగిలినయి.

పేరు పరాగ్ అట. చంద్రపూర్ నుంచి
బల్లార్షా దాక స్కూటరు మీద వచ్చిండు,
కాళ్ల నడుమ మిషను ఇరికించుకోని.
సగం మరాఠీ, సగం హిందీ,
నా తెలుగుకు తల ఊపుడు.

పన్నెండు వందలు!
నిలవడ్డ కాడనే లెక్క తీసిన.
గ్యాసు బండ వస్తది,
ఇంకా వర్ధా నది చాపలకు మిగులుతయి.

మా మేనత్త పరుపు కుట్టించినప్పుడు
పింజరి మౌలాలి వాకిట్ల కూసోని
పొద్దుగూకేదాక దూది ఏకిండు.
కనుబొమ్మలు, చెవులల్ల వెంట్రుకలు
అన్నీ తెల్లగయినయి.
రెండు పూటల బువ్వ, కుంచెడు జొన్నలు,
కొసరుకు తగాదా.

ఈ పరుపుకు విల్లు పనికిరాదు.
బోనస్ పైసలతోని కొన్న స్పంజిది,
నాగపూర్ కంపెనీ, పదేండ్ల గ్యారంటీ.
మొదటి ఏడాది దాని ప్లాస్టిక్ కవరు
తియ్యనియ్యలే నేను.
ఒత్తిగిలితే
ఎండుటాకులల్ల మేక నడిచినట్టు చప్పుడు.

గ్యారంటీ కాయిదంల నీళ్ల గురించి రాసిండ్రు,
నిప్పు గురించి రాసిండ్రు.
బొగ్గు గురించి రాయలే.

ఓదెలు రాత్రి డ్యూటీ దిగి వస్తడు.
మూడుసార్లు సబ్బు.
అయినా కండ్ల అంచుకు కాటుక,
దిండు మీద చెవి అచ్చు.
పెండ్లయిన సంది గోడ దిక్కు ఆయనది,
తలుపు దిక్కు నాది,
ముందుగాల లేచేది నేనే గనుక.

అందుకే అడిగిన:
"ఒక్క దిక్కుకు ఎంత?
గోడ దిక్కు గుంజు చాలు. నాది సాఫే ఉన్నది."

పరాగ్ నవ్వలే. ఫోన్ల ఎవరినో అడిగిండు.
సగం పరుపుకు రేటే లేదట.
నేను ఇడిసిపెడ్తనా.
ఆరు వందలకు తెగింది.

మిషను మొత్తుకున్నది.
మీటరు గిర్రున తిరిగింది, అదీ నా ఖర్చే.
డబ్బల నీళ్లు వడ్డయి,
నల్లగ, చిక్కగ, సిరా లెక్క.
"బఘా మావశీ" అని చూపెట్టిండు
దొంగను దొరకవట్టినోని లెక్క.
ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న.
ఓదెలు నిద్రలు ఇవి, అనుకున్న.

పిలగానికి ఏమనిపించిందో,
నీళ్లు మార్చి
తలుపు దిక్కు కూడ ఓ మూరెడు గుంజిండు,
ఫుకట్‌కే.

అవే నీళ్లు.

వెలుతురుకు పట్టి చూసిన.
నేను గనిల దిగలే.
దీపం టోపీ పెట్టలే,
హాజరు పట్టీల నా పేరు లేదు.
ఆయన బట్టలు పిండిన, దులిపిన.
పొగ గొట్టం దిక్కు వడియాలు ఎండవెట్టి
కాకుల కొట్టుకుంట కూసున్న.
బిడ్డ బడి విడిచేదాక
బొగ్గు లారీల పక్కన నిలవడ్డ.
ఎప్పుడు ఎక్కిందో ఇది నా ఖాతాల,
ఒక్క చీటీ రాలే.

రెండు డబ్బలు పక్కపక్కన పెట్టిన.
మోరీల పోసేటప్పటికి
ఏది ఎవలదో నాకే యాది లేదు.
మోరీ రంగు మారలే.

"మొత్తం చెయ్యి" అన్న.
"నడుమ మరక ఉన్నది, మూడు వందలు" అన్నడు.
"అది మామిడికాయ తొక్కు నూనె.
దుప్పటి కప్పుకుంట, నువ్వు ముట్టకు."

ఓదెలు వచ్చేసరికి
పరుపు గోడకు ఒరిగి నిలవడ్డది,
కొత్త అల్లుని లెక్క, నిమ్మకాయ వాసనతోని.
ఆయన చాప మీద నడుం వాల్చి అడిగిండు:
"ఎంత వడ్డది?"

ఆరు వందలన్న.
ఆయన సగం చెప్పిన.