సున్న లేని రాయి

చీటీ నేను పాడుకున్న ఏడు
సైదాబీ ముందే చెప్పింది:
ఈసారి పంచలోకి రేకులొద్దు, ఇల్లు ముట్టుకోవద్దు,
పోదాం ఎటైనా.
ఎటైనా అంటే బాపట్ల సముద్రం అనుకున్నాను.
బెజవాడ బీసెంట్ రోడ్డులో
ట్రావెల్స్ వాళ్ళ గోడ మీద ఆమె చూసొచ్చిన బొమ్మ
ఈజిప్టుది.

గుంటూరు నల్లపాడు రోడ్డులో నాది పేర్లు చెక్కే పని.
చీమకుర్తి నల్లరాయి, బంగారు రంగు అక్షరం.
శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు,
అప్పుడప్పుడు సమాధులు. వాళ్ళు అప్పు పెట్టరు.
మంత్రిగారి పేరు అరచేతంత,
ఎంపీపీ పేరు చిటికెన వేలంత,
కట్టిన మేస్త్రీ పేరుకు
రాయి ఎప్పుడూ చాలదు.

వేసవిలో రేటు తక్కువని మే నెలలో పోయాం,
ఇరవై రెండు మందిమి, పదకొండు కిలోల పచ్చళ్ళు.
గైడు మహమూద్ ఎండ ఎండ అంటూ గొడుగులు పంచాడు.
రెంటచింతలలో పుట్టింది సైదాబీ.
గొడుగు ముడిచి చేతికర్ర చేసుకుంది.

చిన్నప్పుడు మసీదులో దిద్దిన అక్షరాలు
అక్కడ ప్రతి బోర్డు మీదా ఉన్నాయి.
కూడబలుక్కుని చదవడం వచ్చు, అర్థం రాదు.
"ఏం రాసుంది?" అందామె ఒక పచ్చబోర్డు చూపించి.
"అల్లా దయ" అన్నాను.
మహమూద్ పకపకా నవ్వాడు.
అది టైర్ల కొట్టు.

గుడి స్తంభాలు
మిర్చి యార్డులో టిక్కీల నెట్టు మీద నెట్టు పెట్టినట్టు
మెడ విరిగేదాకా.
అందరూ ఫోన్లు పైకెత్తారు.
నేను కింద, నడుం ఎత్తులో,
కోడిగుడ్డు గీతలో కూర్చున్న రాజు పేరులో
వేలు పెట్టాను.
కాపలావాడు ఈల వేసేలోపు వేలికి తెలిసిపోయింది.
చుట్టూ లోతు ఒకటి, పేరు కింద లోతు ఇంకొకటి.
అరగదీసి మళ్ళీ చెక్కారు.
మా బస్సులోని లెక్కల మేష్టారు ఇంగ్లీషు చేసి అడిగాడు:
ఇక్కడ పేరు మార్చారా?
మార్చారు, రాజు మారాడు, ఇతనికెట్లా తెలుసు? అన్నాడు మహమూద్.
మాకు అయిదేళ్ళకోసారి ఇదేగా సీజను.

అస్వాన్‌లో ఒక రాయి పడుకునే ఉంది.
నిలబడి ఉంటే పదమూడు అంతస్తులట.
కొండలోంచి మూడు వైపులా విడిపించాక
పగులిచ్చింది. వదిలేశారు.
చూట్టానికేముంది అని అందరూ ఏసీ బస్సెక్కారు.
నేను గొంతుక్కూర్చున్నాను.
గుండురాళ్ళతో కొట్టీ కొట్టీ పడిన గుంటలు
పక్కపక్కనే, దోసిళ్ళలా.
రాయి పగిలే ముందు మోత మారుతుంది.
ఖంగుమనేది బొదుగుతుంది.
ఆ మోత ముందు విన్నవాడొకడు ఉంటాడు.
ఎవరికీ చెప్పకుండా
ఇంకెన్ని దెబ్బలు కొట్టాడో
తెలియనట్టు.

నేనైతే ఒక రాత్రంతా చెప్పలేదు.
మంత్రివర్యులు అని చెక్కాల్సింది
మత్రివర్యులు అని చెక్కాను.
రంగు నింపి, గుడ్డతో తుడిచి,
అవతల నిలబడి చూస్తే
సున్న లేదు.
సున్న ఎక్కువైతే పూడ్చొచ్చు.
లేనిదాన్ని ఇరికించడానికి
రెండక్షరాల నడుమ వెంట్రుక సందు లేదు.
తెల్లారితే సభ.
ఇంకో రాయి తెచ్చి దీపం కింద మళ్ళీ మొదటినుంచి.
ఆ ఆసుపత్రి లేవనే లేదు.
సున్న ఉన్న రాయి
తుమ్మచెట్ల మధ్య తెరతాడుతో సహా నిలబడే ఉంది.
సున్న లేనిది మా ఇంటికొచ్చింది,
పంపు దగ్గర బోర్లా.

తిరిగొచ్చిన మర్నాడు
సైదాబీ నా ప్యాంటు మడతలు విప్పింది.
పిడికెడు ఇసుక రాలింది బండ మీద.
నీళ్ళు పోసింది, సబ్బు రుద్దింది,
ఎత్తి ఒక్కటేసింది.
"మెల్లగా" అన్నాను.
ఎందుకన్నానో నాకే తెలియదు.
ఆమె ఆగింది.
తడి గుడ్డతో ఇంకోసారి కొట్టి, చెవి వంచి విని,
"మోత బాగానే ఉందిగా" అంది.
మళ్ళీ ఎత్తింది.