పన్నెండో వంతు

ఆ వారమంతా ఈరీ సరస్సు మీంచి మంచు పడుతూనే ఉంది.
జ్యూరీ గదిలో హీటరు ముసలి పిల్లిలా గురక పెట్టేది.
పన్నెండు మందిమి. నాది ఏడో కుర్చీ.
అప్పటికి బడి బస్సు నడిపేదాన్ని,
వారం జీతం పోతోందన్న చింత
శవం ఫొటోల కంటే ఎక్కువ కుట్టేది.
అబద్ధమెందుకు.

చనిపోయినాయన లిండ్‌గ్రెన్. తాళాల కొట్టు.
ఫొటోలో ఆయన పిడికిట్లో
ఎవరిదో సగం కోసిన తాళంచెవి.

కాల్చినవాడు ఇంకొకడు.
కార్నెల్ ప్రూయిట్ బయట కారులో ఉన్నాడు,
పందొమ్మిదేళ్లవాడు, ఇంజను ఆపకుండా,
ఒళ్లో చిప్స్ పాకెట్టుతో.
తుపాకీ పేలాక రెండు వీధులు నడిపి
ఎర్ర దీపం పడితే ఆగాడు.
అక్కడే పట్టుకున్నారు.

దోపిడీలో కాలు పెడితే
చావులోనూ పెట్టినట్టే, అన్నాడు ప్రాసిక్యూటరు.
కాదనడానికి నాకు చదువు లేదు.
లిండ్‌గ్రెన్ కూతురు ముందు వరసలో
చేతి తొడుగులైనా విప్పకుండా కూర్చునేది.

మమ్మల్ని అడిగింది ఒక్కటే: దోషా, కాదా?
శిక్ష సంగతి మీది కాదన్నారు.
అయినా ఎవరో అడిగారు, జీవితఖైదంటే ఎన్నేళ్లు?
పన్నెండు, మహా అయితే పదిహేను,
అన్నాడు మాంసం కొట్టు వాల్టర్,
తూకం చూసి చెప్పినట్టు.
ముప్పై నాలుగుకి బయటికొస్తాడు,
పిల్లల్ని కనే వయసే, అనుకున్నాను.
మూడున్నరకి చెయ్యెత్తాను.
నాలుగు దాటితే రోడ్లు మూస్తారని
రేడియోలో చెబుతున్నారు.

పదిహేనేళ్లు నిజంగానే లెక్కపెట్టాను.
ఓ శనివారం బస్సు అద్దాలు తుడుస్తూ
ఈపాటికి వచ్చేసుంటాడు పాపం, అనుకుని
ఆ లెక్క అక్కడితో మూసేశాను.

మోకాళ్లు పోయాయి. మా ఆయన కాజిమిర్ పోయాడు.
వాల్టర్ కొట్టులో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు.
కాల్చినవాడు నేరం ఒప్పుకుని బేరం కుదుర్చుకున్నాడట,
ఇరవై ఏళ్లుండి వచ్చేసి
ఎక్కడో ఇళ్ల కప్పులు వేస్తున్నాడట.

పోయిన మంగళవారం లా చదివే పిల్లొకతె వచ్చింది.
గుమ్మంలోనే బూట్లు విప్పింది, పెంపకం మంచిదే.
క్షమాభిక్ష అర్జీ. అప్పటి జ్యూరీలో
బతికున్నది నలుగురమట.
పెరోల్ ఇవ్వలేదా, అన్నాను.
లేదండి.
ఈ ఏడు ఇవ్వరా?
ఆ శిక్షకి ఇక్కడ పెరోల్ ఉండదండి.
అప్పుడూ లేదు.

యావజ్జీవం.
మాట చివర జీవం ఉందని చూశాను గానీ
మొదట్లో ఉన్న యావత్తూ చూసుకోలేదు.

ఫొటో చూపించింది. యాభై రెండేళ్లు.
జైల్లో కళ్లద్దాలు నూరతాడట.
లిండ్‌గ్రెన్ కూతురు సంతకం పెట్టనందట.
పెట్టమని ఏ నోటితో అడుగుతాం?
ఆ తొడుగులు నాకింకా గుర్తే, బూడిదరంగు,
ఎడమచేతిదానికి బొత్తాం లేదు.

కాగితంలో ఒక గడి:
ఖైదీతో మీకున్న సంబంధం.
చుట్టం కాను. పొరుగు కాను.
పగ పట్టేంత ఓపిక ఎన్నడూ లేదు.
పెన్ను రెండుసార్లు మూసి తెరిచి
పన్నెండో వంతు, అని రాశాను.
పిల్ల చదివి
మారు మాట్లాడకుండా మడిచి పెట్టుకుంది.

ఇవాళ మందుల కొట్టు ముందు
మనవరాలి కోసం కూర్చున్నాను,
చలికి ఇంజను ఆపకుండా.
లోపల ఏం జరుగుతోందో
ఇక్కణ్ణించి ఏమీ కనబడదు.
తలుపు తీసుకుని వచ్చింది, సంచీ ఊపుకుంటూ.
ఏంటి బామ్మా, స్టీరింగు అలా పట్టుకున్నావు, అంది.

బండి కదిలించాను.
రెండు వీధులు దాటాక
ఎర్ర దీపం పడింది.
ఆగాను.