జీరో చూసుకోండి

మడపాం వంతెన ఎక్కేసరికి
కారుకి ఆయాసం వచ్చేసేది.
రెండో గేరులో కూడా గునిసేది.
వెనక నల్లటి పొగ,
టోల్‌గేటు కుర్రాడు ముక్కు మూసుకుని
వెళ్లు వెళ్లు అని చెయ్యూపేవాడు.

ప్లగ్గులు మార్చాను.
ఫిల్టరు మార్చాను.
పంపు పోయిందన్నారు, పంపు మార్చాను.
శ్రీకాకుళంలో ఒకాయన
చెవిలో పుల్ల తిప్పుకుంటూ
ఇంజనే మార్చెయ్యమన్నాడు.
అప్పటికి పద్నాలుగు వేలు.

ఇక మిగిలింది పెట్రోలే అనిపించింది.
జమ్ము దగ్గర బంకులో
దమయంతి మీద గొంతు లేపాను,
ఆటో కోసం నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగేట్టు.
"నీళ్లు కలిపి అమ్ముతున్నారు మీరు."
ఆమె ఏమీ అనలేదు.
ఫిల్టరు కాగితం మీద ఒక చుక్క వేసి
ఆరేదాకా పట్టుకుని
మరక లేదని చూపించింది.
కాగితానికేం తెలుసు, అన్నాను.

గవర్రాజు షెడ్డు బుడితి రోడ్డులో.
పైన రేకు, కింద నూనె తాగిన మట్టి.
చేతి యంత్రం తగిలించాడు, ఏదో అంకె వచ్చింది.
"ఇది సాచ్చం మాత్రమే బావూ. తీర్పు కాదు."
గొట్టం పొడుగునా సబ్బునీళ్లు చల్లి
చీలికలు వెతికాడు. లేవు.
మీటరు ముళ్లు పెట్టి కరెంటు చూశాడు. వస్తోంది.
అప్పుడు ఫిల్టరు డబ్బా పక్కనున్న
అగ్గిపెట్టెంత నల్లముక్క నుంచి
ప్లగ్గు ఊడబీకేశాడు.

వణుకుతున్న ఇంజను
కుదుటపడింది.

నాకు అర్థం కాలేదు.
ఉన్నదాన్ని పీకేస్తే బాగవడమేంటి?

"లోపల సన్నటి తీగ ఉంటాది, ఎంటిక లాగ.
అది ఏడిగా ఉండాల. గాలొచ్చి సల్లారుస్తాది.
ఎంత సల్లారితే అంత గాలని లెక్క.
ఆ లెక్క సూసే పెట్రోలు పోస్తాది.
నీ బండికి వచ్చేది పిడికెడు గాలి,
ఈడు సెప్పేది గంపెడు.
పీకీసేననుకో, కంప్యూటరుకి కబురు నేదు,
తనే ఓ అంచనా కట్టుకుంటాది.
తెలీదన్నోడితో బతకొచ్చు బావూ,
తప్పు సెప్పీవోడితోనే కష్టం."

వాళ్లయ్య బుడితిలో కంచు కొలిమి దగ్గర
తిత్తి ఊదేవాడట.
మూసలో రంగు చూసి చెయ్యి ఆపేవాడట.
"ఆయనకి మీటర్లు నేవు. కనుబొమ్మలూ నేవు,
కాలిపోనాయి."
నవ్వుతూనే మందు కొట్టి తీగ కడిగాడు,
గుడ్డ తగలనివ్వలేదు.

కడిగింది మూడు రోజులు పనిచేసింది.

కొత్తది విశాఖపట్నం నుంచి
ఆర్టీసీ పార్సిల్లో వచ్చింది.
నాలుగువేల ఆరొందలు, రెండు మరలు.
కుర్రాడు ధనుంజయ తిరగేసి పెట్టబోతే
"బాణం సూడరా, గాలి ఎటెల్తాది?"
సరిచేశాక టిక్కుమంది.
అంతే. ఆ చప్పుడు కోసం
నెలన్నర తిరిగాను.

మడపాం వంతెన మూడో గేరులో ఎక్కేశాను.
వంశధారలో నీళ్లు ఒక పక్కకి ఒదిగి ఉన్నాయి,
ఇసుక తెల్లగా.
అద్దంలో వెనక్కి చూస్తే
పొగ లేదు, రోడ్డు ఉంది.

పెట్రోలు ముల్లు ఎర్రగీత మీద.
దారిలో వేరే బంకులు ఉన్నాయి.
ఒకటి దాటాను. ఇంకొకటి దాటాను.

దమయంతి నన్ను గుర్తుపట్టింది,
పట్టనట్టు గొట్టం అందుకుంది.
"ఎంతకి?"
వెయ్యికి, అన్నాను.
పాత ముక్క జేబులోనే ఉంది,
తీసి చూపిద్దామనుకున్నాను.
చూపించి ఏమని?
ఇదిగో, వీడే ఆ రోజు అరిచింది అనా?

"జీరో చూసుకోండి," అంది
అందరికీ చెప్పే గొంతుతోనే.
అక్కర్లేదమ్మా, కొట్టండి, అన్నాను
తల దించుకుని.

పెట్రోలు పడిన చప్పుడు లేదు.
వెనక బైకువాడు హారను కొడుతున్నాడు.
ఆమె గొట్టం పట్టుకుని అలాగే నిలబడింది.
"చూడండి," అంది.

చూశాను.
సున్నా.