ముప్పై ఏడో గది

ఆదివారం. ఫ్యాక్టరీకి సెలవు.
రేణిగుంట గెస్టుహౌసు గేటుకాడ కారెక్కి
చియావ్ సారు ఫోను తీసి
మా ఇద్దరి నడాన గేరురాడ్డు పక్కన పెట్టినాడు.
ఆయన చైనాలో ఏదో అన్న్యాడు.
ఫోను పంతులమ్మ మాదిరి చెప్పింది:
"దయచేసి వంపులు లేని రహదారికి నన్ను తీసుకొని వెళ్ళుము."

నవ్వొచ్చింది.
ఈడ కొండ అడ్డమొస్తే రోడ్డే తప్పుకుంటాది సార్.
అయినా చూద్దాం పదండని
చంద్రగిరి దాటించి భాకరాపేట ఘాటు ఎక్కించినా.

మే నెల.
ఏసీ వద్దన్న్యాడు. అద్దం దించి, చెయ్యి బైట పెట్టి
గాలిని రెండు వేళ్ళతో చిదిమి చూసినాడు,
సంగటి ఉడికిందా లేదా అని చూసినట్ల.
"ఈ వేడి నాకు తెలిసినదే" అనింది ఫోను.
"నా బాల్యమందు ఒక ఇసుక సముద్రము కలదు."

ఐదొందల కిలోమీటర్లంట.
స్టీరింగుతో పనే లేదంట.
ఇసక రోడ్డు మిందికి రాకుండా రెండు పక్కలా పొదలు,
పొదలకి నీళ్ళు కట్టేదానికి
నాలుగు కిలోమీటర్లకొక బోరు,
బోరుకొక గది, గదికొక నెంబరు,
నెంబరుకొక మొగుడూ పెండ్లాం.
వాళ్ళమ్మా నాయనా ముప్పై ఏడు.

తొమ్మిదేండ్ల పిలగాణ్ణి, ఎండాకాలం సెలవలకి,
ఎర్రగడ్డల లారీ ఎక్కిచ్చినాడంట వాళ్ళ తాత.
తిన్నని రోడ్డు కదా, డ్రైవరుకి కండ్లు మూతబడతాయి
(అది నాకెవురూ చెప్పబల్లేదు).
గంటకొక ఎర్రగడ్డ పగలగొట్టి
ఆయన ముక్కుకాడ పెట్టేది పిలగాడి డ్యూటీ.

"నీళ్ళు ఎన్నడుగుల్లో?" అన్న్యా.
నాకింకేం అడగబుద్ది కాలేదు.
"నూరు అడుగులలో. కానీ ఉప్పు.
చెట్టు తాగును. మనిషి తాగడు."

నూరడుగులు!
ఆరేండ్లు బోరు లారీ తోలినోణ్ణి నేను.
మా కయ్యలో ఏసిన మూడోది పదకొండొందల ముప్పై.
అరిచేతిలో టెంకాయ లేచి నిలబడింది, నిజం,
పైపులో నుంచి మటుకు తెల్ల దుమ్ము లేసింది.
ధనభాగ్యం మొగమంతా పౌడరు పూసినట్లయింది.
ఆ పొద్దు అదే నవ్వింది ముందు.
నేను నవ్వేటప్పటికి అది లోపలికెళ్ళి తలుపేసుకునింది.

రెండో దినం గాలి లేసిందంట.
బానెట్టు కనపళ్ళేదు, ఇంగ నెంబర్లేడ కనపడతాయి?
లెక్క తప్పిన డ్రైవరు ఒక గదికాడ పిలగాణ్ణి దించి
మూడుసార్లు హారను కొట్టి పొయినాడు.

తలుపు తీసింది వాళ్ళమ్మ కాదు.
నలభై ఒకటి.

ఎవురు నువ్వని ఆ యమ్మ అడగలేదంట.
కంట్లో పడిన ఇసకని నాలికతో తీసిందంట.
మూడు దినాలు గాలి.
మూడు దినాలు వాళ్ళ గిన్నెలో సేమ్యా,
ఆ మొగుడి చొక్కా, మోకాళ్ళ దాకా.
నాలుగో దినం ఆ మనిషి సైకిలు మింద
పదహారు కిలోమీటర్లు తొక్కి ముప్పై ఏడులో దించినాడు.
"మా అమ్మను చూచి నేను ఏడ్చితిని. ఎందుకు అనగా"

ఆడ ఆగిపొయింది ఫోను.
ఘాటులో ఆ వంపుకాడ ఎప్పుడూ సిగ్నలుండదు.
ఆయన చేతుల్తో చెప్తానే ఉండాడు.
నేను తలకాయ ఊపతానే ఉండా.
ఎందుకు ఏడ్చినాడో ఈ పొద్దుకీ నాకు తెలీదు.

భాకరాపేట దాటినాక ఎడమకి మట్టిరోడ్డు.
మా మూడో బోరు చూపించినా.
మూతికి కట్టిన గోనెపట్ట విప్పి
చెవి పెట్టి శానాసేపు విన్న్యాడు.
గులకరాయి ఏస్తాడనుకున్న్యా, అందురూ అదే చేస్తారు.
ఈయన చేతిలో ఉండే బిస్లేరి సీసా మూత తీసి
మిగిలిన నీళ్ళు నిదానంగా లోపలికి పోసినాడు,
పసిబిడ్డకి పట్టినట్ల.
గోనెపట్ట మళ్ళీ ఆయనే కట్టినాడు.

కారెక్కినాక
ఎందుకో నా చెయ్యి హారను మింద పడింది.
ఒకటి. రెండు. మూడు.

సిగ్నలు వచ్చుణ్ణింది.
"అర్థం కాలేదు" అనింది ఫోను,
"దయచేసి మరల చెప్పుము."

మళ్ళీ కొట్టినా.