ఊడ్చే కణం

ఉలాన్‌బాతర్, జనవరి, మైనస్ ముప్ఫై.
బొగ్గుపొగ దిగి కూర్చున్న ఊరు.
నా ఎక్స్‌రే ఫిల్ము మీద
బస్సు కండక్టరు సరన్‌చిమెగ్ కుడి ఊపిరితిత్తి,
కింది అరలో తెల్లటి మంచు.

లోపల గాలిగదుల్లో
ఒంటరిగా తిరిగే ఊడ్చే కణం ఒకటుంటుంది.
మసి మింగి మింగి నల్లబడింది.
రోజూ వచ్చే దుమ్ముకి కేకెయ్యదు,
ప్రతిదానికీ కేకేస్తే
ఊపిరికి చోటెక్కడిది?

ఆ రాత్రి మాత్రం
జంటలు జంటలుగా దిగిన బాక్టీరియా
మింగేకొద్దీ పెరిగింది.
అప్పుడరిచింది.

నెత్తురు గోడలు సందిచ్చాయి.
తెల్లకణాలు దూకాయి,
తిరుగుదారి అడక్కుండా.
తమ కడుపులోని దారాలే తీసి వలలు విసిరాయి.
శత్రువునీ, ఇంటినీ
ఒకే మంటతో కాల్చాయి.
తుప్పురంగు కఫం.
"టికెట్, టికెట్" అని జ్వరంలో ఆమె కలవరింత.

తొమ్మిదోనాడు చెమట పట్టింది.
మందు సగం పని చేసింది.
మిగతా సగం,
ఆ నల్లటి కణమే మళ్ళీ వచ్చి
చచ్చిన తనవాళ్ళని ఒక్కొక్కర్నీ
చప్పుడు కాకుండా మింగడం.

కొత్త ఫిల్ముని వెలుగుకి పట్టాను.
మూలన కొంచెం మంచు మిగిలింది.
సోమవారం డ్యూటీకి వెళ్ళొచ్చా అంటోంది
సరన్‌చిమెగ్,
కిటికీ అవతల
మళ్ళీ పొగ దిగుతుంటే.