'న' దగ్గర

"స్వల్ప బాయి తెగీరి" అంటుంది ఫిజియో మేడం.
మా కదిరి పక్క బాయి అంటే బావి.
శ్రీరామపురంలో ఇరవై రెండేండ్లున్నా
ఆ మాటకు ముందు గిలకే కిర్రుమంటుంది నాకు,
తర్వాతే నోరు తెరుస్తాను.

తెరవడమంటే, రెండు వేళ్ళ మందం.
మూడు పట్టాలంట.
అద్దం మీద స్కెచ్ పెన్నుతో నిలువు గీత గీసి
గడ్డం దాని వెంబడే దిగాలంది.
సగం దాకా బుద్ధిగా వచ్చి
ఎడమకు జారుతుంది నా గడ్డం,
కుట్టు తప్పిన అంచులాగ.
చెవి ముందర టక్.

ఏం పని చేస్తారంది.
చీరలకు ఫాల్సు, కుచ్చులు.
దారం దేంతో తెంపుతారంది.
ఇంతవరకూ ఎవరూ అడగలేదు ఆ మాట.
పండ్లు చూపించినా.
దినానికి పది చీరలు, చీరకు ఇన్ని ముళ్ళు,
లెక్క తనే మొదలుపెట్టి తనే ఆపేసింది.

దారానికే దవడ ఇంత బిగుసుకోదు,
రాత్రిళ్ళు ఏం కొరుకుతున్నారు?

చెప్పలేదు.
లీజు ముగిసి పది నెలలైనా
ఓనరు చిక్కణ్ణ తిరిగియ్యని ఆరు లక్షలు.
అడగబోయి, గేటు దగ్గర
"పర్వాలేదన్నా" అని నవ్వి వచ్చిన రోజులు.
అంతా పంటి బిగువున లాక్కొచ్చినానని
గొప్పగా చెప్పుకునేదాన్ని.
బిగువు పంట్లో ఉండదంట,
పోయి చెవి ముందర కూచుంటుందంట.

గ్లవ్సు వేసుకున్న బొటనవేలు
కింది దంతాల మీద ఆనించి
మెల్లగా కిందికి లాగింది.
నా నోట్లో ఇంత లోపలికి చెయ్యి పెట్టింది
మా అమ్మొక్కతే, గుండీ మింగబోయిన రోజు.
ఏడుపు కాదు గానీ
కండ్లల్లో నీళ్ళు.

ఇంటికిచ్చిన పాఠం:
పెదాలు కలవొచ్చు, పండ్లు కలవకూడదు.
నాలుక 'న' అనబోయి ఆగిన చోటే ఉండాల.
మిషన్ ముందర కూచుని
నాలుకను ఆ గడపలో నిలబెడతా.
నొప్పి అక్కడే మొదలు. నవ్వూ.
నాకు రావాల్సిందీ.

వారంగా సంగటే. నమిలే పని లేదు, మింగేదే.
నా కూతురు చందన ఎదురుగ్గా కూచుని
చెక్కిలాలు కరకరలాడిస్తుంది, పాపిష్టిది.

కత్తెరకు పట్టుదారం కట్టి మెడలో వేసుకున్నా.
అయినా నిన్న, తొందర చీర,
చెయ్యి దానంతటదే దారాన్ని నోటికి తెచ్చింది.
పెదవికి తగిలినాక గుర్తొచ్చి
కత్తెర తడుముకున్నా.
చీర చిక్కణ్ణ పెండ్లాందే.
"ఎష్టాయితు?" అని పర్సు తెరిచి నిలబడింది.

నూటిరవై అన్నాను.
నోరు మాత్రం వెంటనే మూయలేదు.